చదువుకోమన్నారు సరే, గంటలెవరిస్తారు?

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో పదో తరగతితో చదువు ఆగిపోయిన తెలుగువాళ్లు ఉన్నారంటే చాలామంది నమ్మరు. బిషప్ రాంచ్ ఆఫీసులు, డోహర్టీ వ్యాలీలో వరసగా కట్టిన ఇళ్లు, మిడిల్ స్కూల్ నుంచే పిల్లలకు లెక్కల ట్యూషన్లు... ఈ ఊరంటే ఎమ్మెస్‌లు, పీహెచ్‌డీలు అనే పేరుంది. ఆ పేరు అబద్ధమేం కాదు. కానీ ఒకే ఇంట్లో అందరి చదువూ ఒకేలా ఉండదు. భర్త ఎంసీయే, భార్య టెన్త్. కొడుకు కంపెనీలో డైరెక్టరు, తల్లి ఐదో తరగతి. అన్న పిటిషన్ మీద ఏళ్ల తరబడి ఆగి వచ్చిన తమ్ముడు ఇంటర్ రెండో ఏడు తప్పినవాడు. లివర్‌మోర్ గుడిలో ప్రసాదం కోసం నిలబడ్డప్పుడైనా, ఎవరి పాప పుట్టినరోజులోనో పక్కపక్కన కూర్చున్నప్పుడైనా పేరు అడిగాక వచ్చే రెండో ప్రశ్న, "మీరేం చేశారండీ?" ఆ ప్రశ్నకు గొంతు తగ్గించి జవాబు చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. నిరుటి దాకా నేనూ పదో తరగతి దాన్నే.

మాది అప్పటి ప్రకాశం జిల్లాలో కనిగిరి దగ్గర ఓ పల్లె. 1994లో టెన్త్ ఫస్ట్‌క్లాసులో పాసయ్యాను. ఊళ్లో జూనియర్ కాలేజీ లేదు. కనిగిరి పోవాలంటే పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఆ సాయంత్రం బస్సు రాకపోతే ఆడపిల్ల రాత్రి ఎక్కడుంటుందని మా నాయన భయం. ఆయనకు చదువంటే గౌరవమే. తమ్ముణ్ని ఒంగోలు హాస్టల్లో పెట్టి మరీ చదివించాడు. నాకు మాత్రం ఆ ఏళ్లు ఇంటి దగ్గరే గడిచాయి. తర్వాత పెళ్లి, ఆ తర్వాత అమెరికా.

ఇక్కడికి భర్త వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాతో వచ్చిన రోజుల్లో ఉద్యోగం చేసే వీలు లేదు. 2015 మే నుంచి హెచ్-4 వాళ్లలో కొందరికి పనిచేసే అనుమతి దొరుకుతోంది గానీ, అంతకుముందు వచ్చినవాళ్లం ఇంటిపట్టునే ఉండిపోయాం. హెచ్-4 మీద అడ్డు ఉద్యోగానికే, చదువుకు లేదన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. బడికైనా కాలేజీకైనా నిక్షేపంగా వెళ్లొచ్చు. ఆ ఒక్క మాట చెవిన పడి ఉంటే ఎంతమంది ఆడవాళ్లు ఆ ఏళ్లను వాడుకునేవాళ్లో అని ఇప్పటికీ బాధేస్తుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, పౌరసత్వం వచ్చాక, మందుల షాపులో పనిచేయాలని నాకు ఆశ పుట్టింది. కాలిఫోర్నియాలో ఫార్మసీ టెక్నీషియన్ లైసెన్సుకు హైస్కూల్ పూర్తిచేసిన రుజువో, దానికి సమానమైన సర్టిఫికెట్టో కావాలి. ఇక్కడ హైస్కూలంటే పన్నెండో తరగతి దాకా. నా ఎస్సెస్సీ దానికి చాలదు. పదితో ఆగినవాళ్లకూ, ఇంటర్ తప్పినవాళ్లకూ ఉన్న దారి జీఈడీ అనే పరీక్ష.

ఆ పరీక్ష పుట్టిన కథ మనవాళ్లకు తెలియాలి. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, బడి మధ్యలో వదిలేసి సైన్యంలో చేరినవాళ్ల కోసం అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ దాన్ని తయారుచేసింది. యుద్ధం చూసొచ్చిన పాతికేళ్ల మనిషిని పదహారేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోమంటే కూర్చోడు. బడి బయట నేర్చుకున్నదాన్నీ చదువుగానే లెక్కగట్టి, ఎంత వచ్చో చూసి సర్టిఫికెట్ ఇద్దామన్నారు. 1947లో న్యూయార్క్ రాష్ట్రం మామూలు పౌరులనూ రాయనిచ్చింది. 2014 నుంచి పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, సోషల్ అని నాలుగు సబ్జెక్టులు. ఒక్కోదాంట్లో స్కోరు 100 నుంచి 200 దాకా, 145 వస్తే పాస్. నాలుగూ ఒకేరోజు రాయక్కర్లేదు. సిద్ధమైనదాన్ని సిద్ధమైనప్పుడు రాసుకోవచ్చు. ఇంటిపనుల మధ్య చదివేవాళ్లకు ఇంతకంటే పెద్ద వెసులుబాటు లేదు. హైసెట్ అనే ఇంకో పరీక్షనూ ఈ రాష్ట్రం ఒప్పుకుంటుంది, అందులో అయిదు పేపర్లు.

లెక్కల పేపరంటే మొదట గుండె జారింది. అందులో 55 శాతం బీజగణితమే. తీరా పుస్తకం తెరిస్తే వర్గ సమీకరణాలు, సరళరేఖ వాలు, ప్రమేయాలు: మా ఊరి హైస్కూల్లో మాస్టారు సుద్దముక్కతో నేర్పినవే. పైథాగరస్ సిద్ధాంతం నాకు తెలుగులో నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఇంగ్లీషులో కనిపించేసరికి కొత్తదేదో అనుకున్నాను, అంతే. సూత్రాల పట్టిక పరీక్షలోనే ఇస్తారు. మొదటి కొద్ది ప్రశ్నలు తప్పిస్తే కాలిక్యులేటర్ కూడా వాడుకోవచ్చు. మౌంటెన్ వ్యూ కేంద్రంగా నడిచే ఖాన్ అకాడమీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా విసుక్కునేవాళ్లు ఉండరు. తెలుగు మీడియంలో చదివామని కుంగిపోయే ఆడవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది: లెక్కల్లో మీకు వచ్చింది తక్కువేం కాదు, అది మీరు మర్చిపోలేదు కూడా.

ఇంగ్లీషు పేపరు రెండున్నర గంటలు. అందులో 45 నిమిషాలు ఒక వ్యాసానికి. ఒకే విషయం మీద ఇద్దరు ఎదురెదురుగా వాదించిన రచనలు ఇస్తారు. మన అభిప్రాయం అడగరు. ఎవరి వాదనకు ఆధారాలు గట్టిగా ఉన్నాయి, ఎందుకలా అనుకుంటున్నాం, అది చూపించమంటారు. గైడు బట్టీపట్టి గట్టెక్కిన మా తరానికి ఇది అలవాటు లేని పని. నేను దీన్ని తెలుగు పేపర్లతోనే సాధన చేశాను. ఒకే అంశం మీద రెండు పత్రికల సంపాదకీయాలు ప్రింటు తీసి పక్కపక్కన పెట్టుకుని, ఎవరు లెక్క చూపించారు, ఎవరు ఊరికే కోప్పడ్డారు, అవతలివాళ్లు అడిగినదానికి ఎవరు జవాబు చెప్పకుండా దాటేశారు అని పెన్సిలుతో గీతలు గీసేదాన్ని. తెలుగులో ఆ చూపు కుదిరాక ఇంగ్లీషు వ్యాకరణం ఒక్కటే మిగిలింది, దాన్ని ఓపికతో గెలవచ్చు. ఈ సాధన వల్ల ఇంకో మేలు జరిగింది. వాట్సాప్‌లో వచ్చే ఏ కబురైనా ఆధారం ఏదని అడగకుండా ఇంకొకరికి పంపబుద్ధి కావడం లేదు.

నన్ను బాగా సతాయించింది సోషల్. అందులో సగం పౌరశాస్త్రం, ఐదో వంతు అమెరికా చరిత్ర, మిగతాది ఆర్థికశాస్త్రం, భూగోళం. పౌరసత్వం ఇంటర్వ్యూకు నేనూ అందరిలాగే వంద ప్రశ్నల జవాబులు వల్లెవేసి వెళ్లాను. వాటిలోంచి పది అడిగేవాళ్లు, ఆరు చెబితే చాలు. జీఈడీ తీరు వేరు. రాజ్యాంగ సవరణ ఒకటి చదవడానికి ఇచ్చి, ఫలానా సందర్భంలో అది ఎవరి పక్షాన నిలబడుతుందో తేల్చమంటారు. వల్లెవేసిన జవాబు అక్కడ అక్కరకు రాదు. ఏళ్లుగా ఉంటున్న దేశం ఎలా నడుస్తోందో నాకు అప్పుడు తెలిసింది. స్కూల్ బోర్డు చేతిలో ఏముంది, కౌంటీ చేతిలో ఏముంది, పన్ను ఎటు పోతోంది అన్నవి అంతకుముందు మా ఇంట్లో మగవాళ్ల కబుర్లు. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం, అదే 1965లో వచ్చిన వలస చట్టం ఒకదాని వెనక ఒకటి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు ఈ దేశానికి రాగలగడం వెనక నల్లజాతి ప్రజల పోరాటం ఉంది. అది మన పిల్లలకు బళ్లో చెబుతున్నారు. మనకు ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ సిలబస్ మామూలు మనిషికి అందేదేనని చెప్పడానికి. మన ఆడవాళ్లను ఆపుతున్నది సిలబస్ అని నేననుకోను. రోజులో ఎవరూ కదిలించని రెండు గంటలు దొరక్కపోవడమే అసలు అడ్డంకి.

మా ఇంట్లో నన్ను చదవొద్దన్నవాళ్లు లేరు. "ఖాళీగా ఉన్నప్పుడు చదువుకో" అన్నారు. ఆ ఖాళీ ఎప్పుడు? పొద్దున లంచ్ బాక్సులు, తర్వాత బోలింజర్ కేనియన్ రోడ్డు మీద కారు, సరుకులు, మధ్యాహ్నం మళ్లీ కారు, పిల్లల క్లాసులు, సాయంత్రం ఇండియాలో తెల్లారే వేళకు ఫోన్లు. శని ఆదివారాలు ఎవరింట్లోనో వ్రతం, ఇంకెవరి అమ్మాయిదో అరంగేట్రం. ఇంట్లో ఒకరికి ఆఫీసు మీటింగుంటే తలుపు వేసుకుంటారు, అందరం మెల్లగా నడుస్తాం. పిల్లలు శాట్‌కు చదువుతుంటే టీవీ బందు. అమ్మ పుస్తకం తీస్తే మాత్రం "అమ్మా, నా నీలం షర్టేదీ?" అని అడగడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. పెద్దవాళ్లు చదువుకోవడం కూడా పనేనని ఇల్లు గుర్తించలేదు.

పరీక్ష ఇంటి నుంచే ఆన్‌లైన్లో రాసుకునే వీలు 2020లో వచ్చింది. ముందు మాదిరి పరీక్షలో తగిన స్కోరు తెచ్చుకుంటేనే దానికి అనుమతి. రాసేటప్పుడు గదిలో ఒక్కరే ఉండాలి, ఇంకెవరైనా లోపలికి వచ్చారంటే పరీక్ష ఆగిపోవచ్చు. ఈ నిబంధన చదివి నేను కేంద్రానికి వెళ్లి రాయడమే మేలనుకున్నాను. మనిషికో గది ఉన్న ఇంట్లో కూడా గంటన్నర పాటు అమ్మ గది తలుపు ఎవరూ తట్టరన్న నమ్మకం నాకు కలగలేదు. మన ఇళ్ల గురించి ఇంతకంటే సూటిగా చెప్పే విషయం ఇంకోటి నాకు తోచడం లేదు.

మా అత్తగారు ఆరు నెలలకని వచ్చినప్పుడు నా చదువు దారిన పడింది. ఆవిడది మూడో తరగతి. నేను భోజనాల బల్ల మీద గ్రాఫులు గీస్తుంటే రెండు రోజులు ఊరికే చూశారు. మూడో రోజు, "అమ్మాయ్, ఇక్కడ కూచుంటే నిన్ను చదవనియ్యరు గానీ, ఆ లైబ్రరీకి పో. పొద్దుటి వంట నాది. ఫోనొస్తే నేను మాట్లాడతా" అన్నారు. డోహర్టీ స్టేషన్ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల నాకు అలా దొరికింది. ఆవిడ వెనక్కి వెళ్లాక ఆ పూట వంటను మావారు అందుకున్నారు. చదువుకున్న భర్త చేయాల్సిన పని ఏమిటో మూడో తరగతి చదివిన తల్లి చేసి చూపించాక గానీ ఆయనకు తట్టలేదు. ఈ మాట ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

ఆ లైబ్రరీలోనే ఒక అఫ్గాన్ మహిళ పరిచయమైంది. 1996లో తాలిబన్లు కాబూల్ పట్టుకుని ఆడపిల్లల బళ్లు మూసేసేనాటికి ఆమె ఏడో తరగతి. 2021 తర్వాత అక్కడ మళ్లీ ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేకుండా పోయింది. ఆమె మేనకోడళ్లు ఇప్పుడు ఇంట్లో కూర్చున్నారు. ఆమె సైన్స్‌లో దిట్ట, నాకు లెక్కలు వచ్చు. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకున్నాం. పిల్లల చేత చెప్పించుకోవడం కంటే ఇది వందరెట్లు మేలు. మన పిల్లలకు తెలివి ఉంది, ఓపిక లేదు. అమ్మ ఇంగ్లీషు ఉచ్చారణ దగ్గరే వాళ్ల దృష్టి ఆగిపోతుంది. సాటి మనిషితో చదివితే తెలియదని చెప్పడానికి సిగ్గుండదు. స్వయంగా చదవడమంటే మూల గదిలో ఒంటరిగా చదవడమని మనవాళ్లకు ఒక అభిప్రాయం ఉంది. అది తప్పని నా అనుభవం.

మన చరిత్ర కూడా అదే చెబుతోంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పుడే ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసి, పదేళ్లు దాటీదాటని వయసులో ఆడపిల్లలకు హిందీ బడి నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, అక్కడ చదువు లేక తమకేం జరుగుతోందో తెలియని ఆడ ఖైదీలను చూశారు. బయటికి వచ్చాక, ఇరవైల్లో ఉండగా, ఇంటి దగ్గర చదువుకుని ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ పాసయ్యారు. అక్కడి నుంచి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం, మద్రాసులో న్యాయశాస్త్రం, ఆ తర్వాత రాజ్యాంగ సభ.

ఆవిడ పట్టుదలను అందరూ మెచ్చుకుంటారు. నేను ఎక్కువగా తలుచుకునేది ఆవిడ మెట్రిక్ తర్వాత చేసిన పనిని. తాను కష్టపడి దాటిన దారిలో వెనక వచ్చేవాళ్లు కూడా అంతే కష్టపడాలని ఆవిడ అనుకోలేదు. మద్రాసు మైలాపూర్‌లో ఇరుగుపొరుగు ఆడపిల్లలను చేరదీసి అదే బెనారస్ మెట్రిక్‌కు పాఠాలు చెప్పారు. 1937 నాటి ఆ చిన్న గుంపే ఆంధ్ర మహిళా సభ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి 1958లో చదువు మధ్యలో ఆగిన వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. రెండేళ్లలో మెట్రిక్ స్థాయికి తెచ్చి, టీచర్లుగా, నర్సులుగా, గ్రామ సేవికలుగా నిలబెట్టాలన్నది ఉద్దేశం. ప్రైవేటుగా చదివేవాళ్లకు గది, గురువు, తోటివాళ్లు, సమయం కావాలని ఆవిడకు అంత స్పష్టంగా తెలుసు. ఎనభై ఏళ్లు దాటినా మన ఇళ్లకు అది ఇంకా తెలియలేదు.

తెలుగు రాష్ట్రాల్లో దారులు లేవని కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ అదే. ఆంధ్రలో సార్వత్రిక విద్యాపీఠం, తెలంగాణలో ఓపెన్ స్కూల్ సొసైటీ ఉన్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదికి, పదిహేను నిండితే ఇంటర్‌కు కట్టొచ్చు, పై వయసుకు హద్దు లేదు. అయితే ఏటా పరీక్షల కాలంలో పేపర్లలో వచ్చే వార్తలు చూడండి. ఒకవైపు తల్లీకొడుకులు ఒకే హాల్లో పరీక్ష రాశారని, అరవై ఏళ్ల అవ్వ టెన్త్ రాసిందని ఫొటో. ఇంకోవైపు పాస్ గ్యారంటీ అని డబ్బులు గుంజి చీటీలు అందించే దళారుల కథ. ఈ రెండింటి మధ్య నిజంగా చదివి రాసేవాళ్లు కనిపించరు. ఆ తల్లి పరీక్షకు కూర్చున్న రోజు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు, పుస్తకాలు ఎవరు కొనిచ్చారు, తప్పితే మళ్లీ ఫీజు ఎవరు కట్టారు అని ఏ విలేకరీ అడగడు. అడగాలి. వింతగా చూపించినన్నాళ్లూ అది ఇంకొకరికి దారి కాదు. ఇక దళారుల సంగతి: చదివి పాసైన ప్రతి ఆడదాని సర్టిఫికెట్ మీదా వాళ్లు అనుమానం మచ్చ వేస్తున్నారు. దాన్ని చిన్న నేరంగా చూడకూడదు.

అమెరికాలోనూ మోసాలున్నాయి. ఇంట్లో కూర్చుని రెండు గంటల్లో హైస్కూల్ డిప్లొమా అంటూ వెబ్‌సైట్లు డబ్బులు లాగుతాయి. ఆ కాగితం ఎక్కడా చెల్లదు. ఇంటి నుంచి రాసినా, కేంద్రంలో రాసినా అసలు జీఈడీకి పర్యవేక్షణ ఉంటుంది. అది లేకుండా సర్టిఫికెట్ ఇస్తామన్నవాళ్లను నమ్మొద్దు.

నన్ను ఒకావిడ అడిగారు: కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు డిప్లొమా లేకపోయినా కమ్యూనిటీ కాలేజీలో చేరొచ్చు కదా, మధ్యలో ఈ పరీక్షెందుకని. ఆవిడ అన్నది నిజమే. మన ఊళ్లోనే డయాబ్లో వ్యాలీ కాలేజీ శాన్ రామన్ క్యాంపస్ ఉంది, అక్కడ ఒక ఇంగ్లీషు క్లాసుతో మొదలుపెట్టడం కొందరికి జీఈడీ కంటే మంచి దారి. పిల్లల సంరక్షణ కేంద్రంలో టీచరుగా చేయాలనుకునేవాళ్లు నేరుగా చైల్డ్ డెవలప్‌మెంట్ కోర్సుల్లో చేరవచ్చు. కానీ ఫార్మసీ టెక్నీషియన్, ఒకేషనల్ నర్సు వంటి లైసెన్సులకు హైస్కూల్ కాగితం అడుగుతారు. ఫెడరల్ ఆర్థిక సాయానికీ మామూలుగా అడుగుతారు. చేరబోయే పనిని బట్టి దారి ఎంచుకోవాలి. ఇంగ్లీషు చదవడమే కష్టంగా ఉన్నవాళ్లకు కాంట్రా కోస్టా కౌంటీ లైబ్రరీ ప్రాజెక్ట్ సెకండ్ చాన్స్ నడుపుతోంది, వలంటీర్లు ఒక్కొక్కరికి విడిగా, ఉచితంగా చెబుతారు. ఈ సమాచారం మనవాళ్లలో ఎవరికీ రహస్యం కాదు, అయినా అవసరమైనవాళ్లకు చేరడం లేదు. అడగడానికే వాళ్లు సిగ్గుపడుతున్నారు. ఆ సిగ్గు పోగొట్టే పని చదువుకున్నవాళ్లది.

"ఈ వయసులో ఉద్యోగం చేసి ఇల్లు నడపాలా?" అన్న ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. ఆదాయం కోసం చదివే ఆడవాళ్లు శాన్ రామన్‌లోనూ ఉన్నారు. లేఆఫ్‌ల కాలంలో ఒకరి జీతం మీద ఆధారపడ్డ ఇల్లు ఎలా వణుకుతుందో మనకు తెలుసు. ఆదాయం అక్కర్లేనివాళ్లు చదివినా తప్పేముంది? అరవై ఏళ్లప్పుడు మారథాన్ పరిగెత్తే తాతయ్యను ఎందుకని ఎవరూ అడగరు. పదో తరగతి పూర్తిచేయాలనుకునే అమ్మమ్మను అడుగుతారు.

మన సంఘాలు చేయగల పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు లేదు. సిలికానాంధ్ర 2007లో మనబడి మొదలుపెట్టి, వలంటీర్లతో వారం వారం తెలుగు తరగతులు అమెరికా అంతటా నడుపుతోంది. పిల్లలు లోపల గుణింతాలు రాస్తుంటే తల్లులు బయట కార్లలో, వరండాల్లో ఎదురుచూస్తుంటారు. ఆ గంటల్లో పక్క గదిలో జీఈడీ పుస్తకాలతో ఒక బల్ల వేయండి. చెప్పేవాళ్లు లేరంటారేమో. ఐరన్ హార్స్ ట్రెయిల్ మీద సాయంత్రం నడిచే పెద్దవాళ్లను పలకరించి చూడండి: రిటైరైన లెక్కల మాస్టార్లు, సైన్స్ టీచర్లు, హెడ్‌మాస్టర్లు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. పిల్లల దగ్గరికి వచ్చి, పొద్దు పోక, ఎప్పుడు వెనక్కి పోదామా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. వాళ్లకు చెప్పాలని ఉంది, ఇక్కడ చదవాలనుకునేవాళ్లున్నారు. తానా, ఆటా సభల్లో పెళ్లి సంబంధాలకు వేదిక ఉంటుంది, వ్యాపార సదస్సు ఉంటుంది. ఆగిన చదువు మొదలుపెట్టాలనుకునేవాళ్లకు కూడా ఒక గది, అడిగినదానికి జవాబు చెప్పే ఒక మనిషి ఉండాలని నిర్వాహకులను కోరుతున్నాను.

ఇళ్లకు నా విన్నపం ఇంకా చిన్నది. మీ ఇంట్లో అమ్మో, భార్యో, వదినో, తమ్ముడో పదితోనో ఇంటర్‌తోనో ఆగి ఉంటే "చదువుకో, మాకేం అభ్యంతరం లేదు" అని ఊరుకోకండి. రోజూ ఏ రెండు గంటలు వాళ్లవో, ఆ గంటల్లో వంట, కారు, ఫోను ఎవరు చూసుకుంటారో ఈ రాత్రి భోజనాల దగ్గరే తేల్చండి. చదవబోయే అక్కచెల్లెళ్లూ, మీరు లెక్కలతో మొదలుపెట్టండి. అందులో మీకు వచ్చింది చాలా ఉంది.